చుక్క తప్పని చెయ్యి

కన్నబాబును నేను క్షమించలేదు. ముందు ముందు క్షమిస్తానన్న ఆశా లేదు. బహ్రెయిన్‌లో, సల్మాబాద్ క్యాంపులో ఆరేళ్ళు నా పక్క మంచం మీద పడుకున్న మనిషి, పాలకొల్లు దగ్గరివాడు, బీయస్సీ చదివినవాడు. చదువుకున్నవాడు చదువు లేనివాడికి ఒక మాట చెప్పేటప్పుడు పూర్తిగా చెప్పాలి. సగం చెప్పి ఫోను చూసుకోకూడదు. "రెండూ ఒకటే మందు బావా" అన్నాడు. ఆ మాట నమ్మి నేను మునిగాను. మునిగినవాణ్ణి చూసి ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు. టాక్సీ కట్టించుకుని మరీ వెళ్ళి, నేను చెప్పవలసిన మాట వాడు చెప్పేశాడు.

మొదటినుంచీ చెబితేగాని మీకు అర్థం కాదు.

మా కంపెనీ ఒక టెస్టింగ్ లాబు. కట్టడాలకు వాడే ఇసుక, సిమెంటు, నీళ్ళు అక్కడ పరీక్ష చేస్తారు. కన్నబాబు అందులో టెక్నీషియను, తెల్లకోటు మనిషి. నాది వెనక గదిలో సింకు దగ్గర పని. ఫ్లాస్కులు, పిపెట్లు, బ్యూరెట్లు కడగాలి. కుళాయి నీళ్ళతో మూడుసార్లు, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు. గురువారం మాత్రం వ్యాను తోలుకుంటూ పడమటి వైపు సైట్లు తిరిగి సాంపిళ్ళు తేవాలి. రెండో తరగతి మధ్యలో పలక పడేసిన వెంకటరాజుకు అంతకన్నా పెద్ద పని ఎవరిస్తారు?

2021 డిసెంబరులో మా లాబు పాత సామాను తీసేసింది. కర్జకాన్‌లో ఉండే ఒక ముసలాయన తన చేపల తొట్టి నీళ్ళు కొలుచుకోడానికి అది కొనుక్కున్నాడు. పేరు అబూ ఖలీల్. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. సాంపిళ్ళకు వెళ్ళే దారే కదా, దింపేసి రమ్మన్నారు.

అట్టపెట్టె మోసుకుని వంటింటి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాను. సింకు దగ్గర ఒకామె నిలబడి ఉంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. చీర చెంగు నడుముకు దోపింది. నేను పెట్టె దింపి నడుం పట్టుకునేలోగా, అందులోంచి ఒక ఫ్లాస్కు తీసి, పీచుకు గిన్నెలు తోమే సబ్బు పూసి, లోపలికి పెట్టి గరగర తోమేస్తోంది.

"ఆగు, ఆగు! సబ్బు పెట్టకూడదు!" అని తెలుగులో అరిచాను. కంగారులో వచ్చేది తల్లిభాషే.

ఆమె వెనక్కి తిరిగింది. తెలుగువాణ్ణని ఆశ్చర్యపోలేదు. సంతోషించలేదు. కోపం వచ్చింది.

"పదమూడేళ్ళబట్టి ఈ దేశంలో గిన్నెలు తోముతున్నానండి. తోమడం మీరు నేర్పుతారేంటి?"

"ఇది గిన్నె కాదండి. ఫ్లాస్కు."

"గిన్నయితేనేం, ఫ్లాస్కయితేనేం? కడిగేది కడిగేదే."

"సబ్బు గాజుకి పట్టి ఉండిపోద్ది. ఆ ఫ్లాస్కుతో ఏం కొలిచినా లెక్క తప్పుద్ది. తొట్టిలో పడితే చేపలు చస్తాయి."

చేపలు అనేసరికి చెయ్యి ఆగింది. పీచు పక్కన పెట్టింది. "మరి ఎలా కడగాలో చెప్పండి" అంది, గొంతు తగ్గించకుండానే.

కడిగి చూపించాను. కుళాయి నీళ్ళు మూడుసార్లు. ఆ తరువాత వ్యానులో ఉన్న డిస్టిల్డ్ వాటర్ క్యాను తెచ్చి మూడుసార్లు. గాజు మీద నీళ్ళు బొట్లుబొట్లుగా నిలవకుండా పలచగా జారిపోతే శుభ్రమైనట్టు. ఆమె వంగి ఆ జారడం చూసింది. నేను ఆమె చెవి పక్కన జారిన వెంట్రుక చూశాను. నా వయసు అప్పటికి నలభై రెండు. చూడవలసిన వయసులో ఎవరినీ చూడలేదు గనక కాస్త ఎక్కువసేపే చూశాను.

"మీరు లాబులో పెద్ద పనేనా?" అని అడిగింది.

అక్కడ నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను సింకు దగ్గర మనిషినండీ, అంటే అయిపోయేది.

"ఆఁ... లాబే" అన్నాను.

ఆ రోజునుంచి నేను ఆమెకు లాబు గారు. ఆమె పేరు వీరదుర్గ. వాళ్ళ ఊరు అంతర్వేది పక్కన. మాది మొగల్తూరు పక్కన. మధ్యలో గోదావరి, దాటించే పంటు పడవ.

"అయితే నరసాపురంలో పంటెక్కి దిగితే మీదేనన్నమాట" అన్నాను.

"పంటు మాకు అటూ వస్తదండి, ఇటూ వస్తది. ఎక్కేవాళ్ళకి తీరిక ఉండాలి గానీ" అంది.

*

ఆ ఇంట్లో ముందు గది నిండా ఒక్కటే గాజుతొట్టి. గోడ ఈ చివరినుంచి ఆ చివరికి. అందులో సముద్రపు నీళ్ళు, పగడాలు. ఊదావి, ఆకుపచ్చవి, వేళ్ళలా ఊగేవి. వాటి మధ్య నారింజరంగు చారల చేపల జంట. ఒక పెద్ద పగడాన్ని బొటనవేలంత ముక్కనుంచి పెంచానని అబూ ఖలీల్ చెప్పేవాడు. మేం ఆయన్ని బాబా అనేవాళ్ళం. అది తెచ్చి పెట్టిన నెలలోనే ఆయన భార్య పోయిందట. పదకొండేళ్ళకు తలపాగా అంత అయింది.

పగడాలు పెరగడానికి నీళ్ళలోని సోడా తింటూ ఉంటాయి. తగ్గినదంతా మనం పొయ్యాలి. ఎంత తగ్గిందో కొలిచి పొయ్యాలి. బజారులో దొరికే చిన్న కిట్లు బాబాకు నచ్చవు. ఆయనకు బ్యూరెట్టు కావాలి, స్టిర్రరు కావాలి. అయితే ఆ మధ్య ఆయన చేతులు వణకడం మొదలైంది. అందుకని ఆ పని దుర్గకు నేర్పాడు.

బ్యూరెట్టును ఆమె చుక్కల గొట్టం అనేది. తొట్టి నీళ్ళు ఫ్లాస్కులో కొలిచి పోసి, రంగు మందు రెండు చుక్కలు వేస్తే నీలంగా మారుతాయి. ఫ్లాస్కు కింద స్టిర్రరు మీట నొక్కితే లోపల గింజంత అయస్కాంతం తనంతట తానే తిరుగుతుంది. పైన గొట్టంలోంచి ఆసిడు ఒక్కొక్క చుక్క వదలాలి. ఏదో ఒక చుక్కకు నీలం పోయి లేత గులాబీ వస్తుంది. అక్కడ ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైనా లెక్క పోతుంది. గొట్టం మీద గీత చదివి నోటుబుక్కులో రాయాలి. ఆ తొట్టికి ఆ లెక్క ఏడు దగ్గర ఉండాలి.

మా లాబులో బీయస్సీలు కూడా తొందరపడి దాటించేస్తారు. ఆమె ఎప్పుడూ దాటించలేదు. గులాబీ వచ్చీరాని ఘడియలో ఆమె రెండు వేళ్ళు మీటను మూసేసేవి.

"యా దుర్గా, నువ్వు నా స్కూల్లో ఉంటే ఫస్ట్ వచ్చేదానివి" అనేవాడు బాబా, వచ్చిన హిందీలో.

"ముందు స్కూల్లోకి రానివ్వాలి కదా బాబా" అనేది ఆమె.

ప్రతి గురువారం నేను డిస్టిల్డ్ వాటర్ క్యాను పట్టుకెళ్ళేవాణ్ణి. నెలకోసారి ఆసిడు సీసా కూడా. లాబులో కన్నబాబును అడిగితే అల్మారాలో ఎడమవైపు సీసాలోంచి నింపుకోమనేవాడు. చెంబెడు మందు ఎవరికి లెక్క అనేవాడు. నీళ్ళకు, మందుకు తిరుగు కానుకగా ఆమె టిఫిను డబ్బా కట్టేది. గోంగూర పచ్చడి, చిన్న చేపల పులుసు, ఒకసారి పూతరేకులు. ఎవరో ఊరినుంచి తెస్తే నాలుగు నాకు దాచింది.

"రెండు విరిగిపోయాయండి లాబు గారూ, ఏమనుకోకండి."

"విరిగితే తీపి తగ్గుద్దా?"

"అది కొలిచే గొట్టం మీ లాబులో ఉంటే తేండి, కొలుద్దాం."

కన్నబాబు ఆ డబ్బా ఖాళీ చేయడంలో ముందుండేవాడు. "బావా, ఈ చేతిని వదిలావంటే నీ అంత వెర్రిబాగులోడు ఉండడు" అనేవాడు పులుసు నాకుతూ. వాడికి భార్య పోయి నాలుగేళ్ళు. ఇంకొకడి సంబంధం గురించి మాట్లాడటం వాడికి సరదా. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ చెయ్యి ఎవరిదో వాడు అప్పటికి చూడలేదు. ఆ వంటే తెలుసు.

*

మరుసటి జనవరిలో ఒక గురువారం వాన పడింది. బహ్రెయిన్‌లో వాన అంటే పండగా, ప్రమాదమూ రెండూనూ. నీళ్ళు పోయే దారి ఉండదు. కర్జకాన్ సందులో నా వ్యాను టైర్ల సగం దాకా మునిగి ఆగిపోయింది. ఎలా దిగాలా అని చూస్తుంటే, చేపలు ప్యాక్ చేసి వచ్చే థర్మాకోల్ పెట్టె మూత నెత్తిన పెట్టుకుని దుర్గ వచ్చింది. చీర మోకాళ్ళ దాకా ఎత్తిపట్టింది.

"దిగండి. క్యాను నాకివ్వండి."

"బరువండి, వద్దు."

"బరువు నాకా? మీకా? మీరు చూస్తే ఆ చుక్కల గొట్టం కన్నా సన్నంగా ఉన్నారు."

ఇద్దరం ఒక మూత కింద నడిచాం. అది ఇద్దరికీ చాలదు. ఆమె కుడిభుజం తడిసింది, నా ఎడమభుజం తడిసింది. మిగిలిన రెండూ ఆనుకుని ఉన్నాయి. వంటింటి గుమ్మంలో నిలబడి వాన చూశాం. బాబా లోపల తొట్టి దగ్గర ఉన్నాడు.

మా నాన్న వదిలిపోయిన నేల గురించి ఆ రోజే చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. వాన చూస్తే మనిషికి నేల గుర్తుకొస్తుందేమో.

"ఉప్పు నేలండి. పక్కన మురుగు కాలవ. పోటుకి సముద్రం నీళ్ళు ఎక్కుతాయి. వరి వేస్తే ఎర్రబడి చస్తది."

"వరి ఎవరు వెయ్యమన్నారు? రొయ్యపిల్లల నర్సరీ పెట్టాలి. ఉప్పెంత, సోడా ఎంత, రోజూ కొలిచేవాళ్ళుంటే బంగారం అది. మా ఊళ్ళో కొలవకుండా పోసి ముంచుకున్నోళ్ళే అందరూ."

"కొలిచేవాళ్ళు ఎవరున్నారండి?"

ఆమె వాన వైపే చూస్తూ అంది: "జీతం ఎంతిస్తారేంటి?"

నా గుండె అయస్కాంతం గింజలా తిరిగింది. "సగం నేల ఇస్తాను."

"మిగతా సగం?"

"నాకు."

"అయితే వద్దులెండి. మధ్యలో హద్దురాయి పాతుకుని కూర్చోవడం నా వల్ల కాదు."

నేను వ్యాను వైపు చూశాను. ఆమె మూతిమీద చెంగు పెట్టుకుని నవ్వింది. "పోనివ్వండి. ఆలోచించుకునే చెప్పండి. ఈ వీసా తీరేసరికి ఇంకో రెండేళ్ళుంది. తీరాక ఇద్దరం కలిసే వెళ్ళొచ్చు, టిక్కెట్టు కలిసొస్తది."

ఇంతకంటే ఒక ఆడమనిషి ఏం చెబుతుంది? అప్పుడే నోరు తెరిచి సరే అనవలసింది. "సరేనండి, ఆలోచిస్తాను" అన్నాను. నేను పుట్టాక ఆలోచించి బాగుపడ్డ పని ఒక్కటీ లేదు.

*

ఆ ఏడాది గడిచింది. 2023 ఫిబ్రవరి. బాబాకు కంటి ఆపరేషను. ఆయన వారం రోజులు తన కొడుకింట్లో ఉంటాడు. తొట్టి దుర్గ మీద వదిలాడు. రోజూ కొలిచి, లెక్క ఏడు కన్నా తగ్గితే ఏడు వచ్చేదాకా రోజుకో కప్పు సోడా నీళ్ళు పొయ్యమని చెప్పి వెళ్ళాడు.

ఆ గురువారం పొద్దున్న కొత్త చొక్కా వేసుకున్నాను. అడిగేద్దామని నిశ్చయం. ఏడాది ఆలోచించాక నాకు తెగువ వచ్చింది. ఆసిడు సీసా నింపుకుందామని అల్మారా తెరిస్తే ఎడమ సీసా ఖాళీ. కుడివైపు ఇంకొకటి నిండుగా ఉంది. అదే రంగు సీసా, అదే పొడుగు, అదే మూత. చీటీ మీద ఇంగ్లీషులో అవే అక్షరాలు, చివర ఏవో అంకెలు, మధ్యలో చుక్క.

"కన్నబాబూ, ఎడమది అయిపోయింది. కుడిది తీసుకోనా?"

వాడు ఊళ్ళో కూతురితో వీడియోకాలులో ఉన్నాడు. చెయ్యి ఊపి, "రెండూ ఒకటే మందు బావా" అని, మళ్ళీ ఫోనులో మునిగిపోయాడు.

మందు ఒకటే. బలం వేరు. కుడిదాని ఘాటు ఐదు రెట్లు. ఆ రెండో ముక్క వాడు చెప్పలేదు. చీటీ చదివితే తెలుస్తుందనుకున్నాడట. లాబులో పని చేసేవాడికి ఆ మాత్రం తెలియదని వాడికి తట్టలేదట. ఆ గురువారం నేను ఖాళీ చేతులతో వెళితే ఏం పోయేది? కొత్త చొక్కా వేసుకున్న మనిషికి ఖాళీ చేతులు నామోషీ.

తీరా వెళితే దుర్గకు తీరిక లేదు. బాబా కోడలు వచ్చి ఇల్లంతా సర్దిస్తోంది. సీసా అందుకుని, "చొక్కా బాగుందండి లాబు గారూ" అని మాత్రం అంది. అడగవలసింది మళ్ళీ గురువారానికి పోయింది.

శుక్రవారం ఆమె ఫోను చేసింది.

"లాబు గారూ, లెక్క ఒకటిన్నరకే గులాబీ అయిపోయిందండి. మొన్నటిదాకా ఏడు. రాత్రికి రాత్రి సోడా అంతా ఎవరు తాగేశారండి?"

"మళ్ళీ చూడండి."

"మూడుసార్లు చూశాను. నా చుక్క తప్పలేదు. మీరు సీసా ఏమైనా మార్చారా?"

ఇక్కడ ఉంది నా బతుకంతా. మార్చానండి, కుడివైపుది పోశాను, అది వేరేనేమో కన్నబాబుని కనుక్కుని చెబుతాను, అనాలి. కనుక్కుని చెబుతాననడం అంటే నాకు తెలియదని చెప్పడమే. తెలియదంటే, లాబులో మీరు చేసే పనేంటండి అని అడుగుతుంది. ఏడాదికి పైగా లాబు గారూ, లాబు గారూ అని పిలుస్తున్న నోరు అది.

"లేదండి. అదే మందు" అన్నాను.

"అంతేనా?"

"అంతేనండి. సోడా తగ్గినట్టుంది. బాబా చెప్పినట్టు పొయ్యండి."

నా మాట నమ్మి పోసింది. ఘాటు మందుకు నాలుగు చుక్కలకే రంగు మారుతుంటే సోడా తక్కువని లెక్క చూపిస్తుంది. నిజానికి తొట్టిలో సోడా సరిగ్గానే ఉంది. శుక్రవారం ఒక కప్పు. శనివారం ఒకటి. ఆదివారం, సోమవారం. లెక్క రెండు దాటలేదు. మంగళవారం పొద్దున్న చూసేసరికి తొట్టి నీళ్ళు మజ్జిగలా తెల్లబడ్డాయి. పగడాల తోలు ఊడి వచ్చింది. తలపాగా అంత పగడం సున్నపురాయి అయింది. చేపల జంట పైకి తేలింది.

ఆమె ఫోనులో ఏడవలేదు. "బాబా వచ్చాడండి. కంటికి కట్టుతోనే తొట్టిలో చెయ్యి పెట్టి తడుముతున్నాడు. నన్ను ఒక్క మాట అన్లేదు. కొడుకు అన్నాడు. నేను ఏదో కలిపానంట, లెక్క చదవడం రాదంట. ఖలాస్ అన్నాడు. గురువారం సాయంత్రం ఫ్లైటు" అంది. ఆ వెంటనే, "పంపిస్తే పంపించనివ్వండి. కానీ నా చెయ్యి తప్పిందని రాసుకుంటే నేను బతకలేనండి. నా చుక్క తప్పలేదు" అంది.

"నాకు తెలుసండి" అన్నాను. తెలిసీ అంతే అన్నాను.

డ్యూటీ దిగి వచ్చాక కన్నబాబుకు చెప్పాను. ఒకటిన్నర అనగానే వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏ సీసా పోశావు బావా?"

"నువ్వు చెప్పిందే. కుడిది."

"అది ఐదు రెట్ల ఘాటు! చీటీ మీద ఉంది కదా!"

"నాకు చదవడం వస్తే ఆ సింకు దగ్గర ఫ్లాస్కులు ఎందుకు కడిగేవాణ్ణిరా? తెల్లకోటు నేనూ తొడుక్కునేవాణ్ణి."

వాడు తల పట్టుకున్నాడు. "నా తప్పూ ఉంది. సరే, ఇప్పుడే ఫోను చేసి చెప్పు. ఆవిడ తప్పు లేదని బాబాకి తెలియాలి."

"ఫోన్లో ఏం బాగుంటది? ఎల్లుండి గురువారం. ఎలాగూ వెళ్తాను, ఎదురుగా చెబుతాను."

"ఎల్లుండి సాయంత్రానికి ఆవిడ ఎయిర్‌పోర్టులో ఉంటది బావా!"

"పొద్దున్నే వెళ్తానన్నాను కదా."

"లాబు మందు బయటికి పోయిందని తెలిస్తే ఉద్యోగం పోద్దని భయమా?"

అదీ ఉంది. అదొక్కటే కాదు. వాడికి చెప్పలేదు.

బుధవారం పొద్దున్న నేను కంపెనీ బస్సు ఎక్కేసరికి కన్నబాబు మంచం ఖాళీ. డ్యూటీకి రాలేదు. మధ్యాహ్నానికి తెలిసింది. వాడు రెండు చిన్న సీసాలు జేబులో పెట్టుకుని టాక్సీలో కర్జకాన్ వెళ్ళాడు. బాబా ముందు, కొడుకు ముందు, రెండు ఫ్లాస్కులు పెట్టించి, కొత్తగా కలిపిన ఒకే ఉప్పునీళ్ళకు రెండు మందులూ దుర్గ చేతే కొలిపించాడు. ఒకటి ఏడుకు, ఒకటి ఒకటిన్నరకు. కొడుకుతో, "ఈమె చెయ్యి మా లాబులో ఎవరికీ లేదు. తప్పుడు సీసా నా దగ్గరనుంచి వచ్చింది" అన్నాడు. నా పేరెత్తలేదు.

కానీ ఆమె అడిగిందట. "మరి లాబు గారికి తెలీదాండి?" అని.

వాడు మామూలుగా అన్నాడట: "ఆయన గాజుసామాను కడుగుతారండి. ఆయనకెలా తెలుస్తది?"

వాడు నన్ను కాపాడదామనే ఆ మాట అన్నాడు. అందుకే క్షమించలేను. దురుద్దేశంతో అంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

గురువారం నేను వెళ్ళాను. టిక్కెట్టు రద్దయింది. దుర్గ వంటింట్లోనే ఉంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. గుమ్మంలోకి బాబా వచ్చాడు. కంటికి కట్టు ఉంది. "దుర్గ ఇక నీళ్ళు తేవద్దని చెప్పమంది. యల్లా, వెళ్ళు" అన్నాడు, కోపం లేకుండా. క్యాను మళ్ళీ వ్యానులో పెట్టుకున్నాను. చప్పుడు ఆగుతుందేమోనని కాసేపు నిలబడ్డాను. ఆగలేదు.

లాబు వాళ్ళు కన్నబాబును ఆ నెలలోనే పంపేశారు. వెళ్ళేటప్పుడు నన్ను కౌగిలించుకున్నాడు. నేను చేతులు దించే ఉంచాను. నా ఉద్యోగం పోలేదు. ఇప్పటికీ అదే సింకు.

దుర్గ ఇంకో ఏడాది ఉంది. బాబాతో కలిసి తొట్టి మళ్ళీ మొదలెట్టిందని విన్నాను. మందుకు బలం అంటే ఏమిటో, లెక్క ఎలా కట్టాలో తెలుసుకోవాలని ఆమె పాలకొల్లుకు ఫోన్లు చేసేదట. అవతలివాడు విసుక్కోకుండా చెప్పేవాడట. ఈసారి పూర్తిగా చెప్పి ఉంటాడు.

*

ఆ నేల ఉంచుకుని ఏం చెయ్యను? చూసినప్పుడల్లా వాన గుర్తొస్తుంది. పోయిన ఏడు సెలవు పెట్టి ఊరెళ్ళి బేరానికి పెట్టాను. రొయ్యల నర్సరీ వాళ్ళెవరో కొంటున్నారని మధ్యవర్తి చెప్పాడు. పేర్లు నేను అడగలేదు. రిజిస్ట్రారాఫీసుకు వెళితే వరండాలో బెంచీ మీద వీరదుర్గ కూర్చుని ఉంది. మెడలో నల్లపూసలు. చేతిలో ఫైలు.

"బాగున్నారా?" అంది. లాబు గారూ అనలేదు.

"బాగున్నాను. మీరేనా కొనేది?"

"మేమేనండి. ఆయన బండి నీడలో పెట్టి వస్తున్నారు."

ఆయన ఎవరో అడగనక్కర్లేదు.

"ఇన్ని నేలలుండగా ఇదే ఎందుకు?"

"ఉప్పు ఎక్కుద్దని మీరే చెప్పారు కదండి. వచ్చి కొలుచుకున్నాను. మీరు చెప్పింది నిజమే. నీళ్ళు బావున్నాయి."

ఆమె ఫైలు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అడిగింది.

"ఆ రోజు ఫోనులో, తెలీదండీ, కనుక్కుని చెబుతానంటే ఏం పోయేది?"

"నేను లాబులో కడిగేవాణ్ణి. అది మీకు తెలిసిపోద్దని."

ఆమె నా వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయో, ఎండ పడిందో నాకు తెలియలేదు.

"నేనూ కడిగేదాన్నే కదండీ" అంది.

లోపలినుంచి పిలుపు వచ్చింది. కన్నబాబు మెట్లెక్కి వచ్చి, "బావా!" అన్నాడు. నేను వాడికన్నా ముందు లోపలికి నడిచాను. దస్తావేజు రాసినతను కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదివాడు. నేను వేలిముద్ర వేశాను, ఫొటో దిగాను. ఆమె సంతకం చేసింది. పేరులో ప్రతి అక్షరం విడివిడిగా, వంకర లేకుండా, తొందరపడకుండా.

నేను పోగొట్టుకున్నదానికి హద్దులు ఆ కాగితంలో ఇలా ఉన్నాయి. తూర్పు పుంత దారి. దక్షిణం మురుగు కాలవ. పడమర గంగన్న చెరువు గట్టు. ఉత్తరం కొబ్బరి చెట్ల వరస. మధ్యలో ఒక ఎకరం పన్నెండు సెంట్లు.